మామగారి పూర్వీకులు ప్రష్యావాళ్ళా, పోలండ్‌వాళ్ళా? చర్చి పుస్తకాల్లో వెతకడం ఎలా?

మిల్వాకీ_కోడలు
మా మామగారికి వచ్చే వేసవికి డెబ్బై ఐదు నిండుతాయి. ఆయన వంశవృక్షం తయారుచేసి ఇద్దామని నేనూ మా ఆయనా మొదలుపెట్టి ఇరుక్కుపోయాం. మామగారి ముత్తాత పేరు ఆల్బర్ట్. 1882లో అమెరికా వచ్చాడు, మిల్వాకీలో స్థిరపడ్డాడు. 1900 జనాభా లెక్కల్లో పుట్టిన దేశం జర్మనీ అని ఉంది. 1910లో "జర్మన్ పోలిష్". 1920లో పోలండ్. డెత్ సర్టిఫికెట్‌లో ప్రష్యా. పేపర్లో వేసిన మరణవార్తలో "స్ట్రాస్‌బుర్గ్, జర్మనీ". ఒక్క మనిషి ఇన్ని చోట్ల ఎలా పుడతాడండీ?

స్ట్రాస్‌బుర్గ్ అనగానే మా అత్తగారు "అయితే మీ వైపు ఫ్రెంచి రక్తం ఉందన్నమాట" అని తేల్చేశారు. మామగారి చెల్లెలేమో "మేం అచ్చమైన పోలిష్‌వాళ్ళం, నానమ్మ జపమాల పోలిష్‌లోనే చెప్పేది" అంటుంది. ఇంటిపేరు ఇక్కడ పెట్టను గానీ చివర "స్కీ" ఉంటుంది.

వంశ చరిత్ర తీసి ఇస్తానన్న ఒకాయనకి డబ్బు కూడా కట్టాం. ఒక్క రికార్డు పంపలేదు. మా ఇంటిపేరుతో రంగుల రాజచిహ్నం ఒకటి ప్రింటు వేసి, ఫ్రేము కట్టి మరీ పంపాడు. చర్చి పుస్తకాల్లో చూడమని అందరూ అంటారు. ఏ దేశంలో, ఏ ఊళ్ళో, ఏ చర్చి?

చారి_చికాగో
ఆ కాగితాలన్నీ కరెక్టే. 1772, 1793, 1795లో మూడు విడతలుగా ప్రష్యా, రష్యా, ఆస్ట్రియా పోలండ్‌ని పంచేసుకున్నాయి. మళ్ళీ స్వతంత్ర దేశంగా లేచింది 1918లో. ప్రష్యా అంటే ఒక జర్మన్ రాజ్యం, 1871లో జర్మన్ సామ్రాజ్యంలో భాగమైంది. అంటే మీ ఆల్బర్ట్ పుట్టేటప్పటికి పోలండ్ అనే దేశం మ్యాపులో లేదు. ఇంటికొచ్చి అడిగిన లెక్కల గుమస్తా ఆ రోజుకి ఏది తోస్తే అది రాసుకుపోయాడు. 1920 నాటికి పోలండ్ మళ్ళీ వచ్చింది కాబట్టి పోలండ్ అని రాశాడు.

గోదారిగట్టు
మా తాతగారు వీధరుగు మీంచి లేవకుండానే మద్రాసు రాష్ట్రం, ఆంధ్ర రాష్ట్రం, ఆంధ్రప్రదేశ్ మూడూ చూశారు. ఇదీ అంతే.

పాతకాగితం
మా అల్లుడి తరఫువాళ్ళ కోసం ఇదే పని కొన్నేళ్ళుగా చేస్తున్నాను కాబట్టి కొంచెం వివరంగా చెప్తాను.

ప్రష్యా అన్న మాట పట్టుకుని వెతకడం మొదలుపెట్టకండి. మీకు కావలసింది ఊరు, ఇంకా సరిగ్గా చెప్పాలంటే పారిష్, అంటే ఒక చర్చి కిందికి వచ్చే ఊళ్ళు. అక్కడి పుస్తకాలన్నీ పారిష్ వారీగానే ఉంటాయి. ఆ ఊరి పేరు సాధారణంగా దొరికేది యూరప్‌లో కాదు, మీ మిల్వాకీలోనే.

ఆల్బర్ట్ పెళ్ళి అమెరికా వచ్చాక అయిందా? అయితే కౌంటీ ఆఫీసు ఇచ్చిన సర్టిఫికెట్ పక్కన పెట్టి, పెళ్ళి జరిగిన చర్చి రిజిస్టరే చూడండి. పోలిష్ ఫాదర్లు నడిపిన చర్చిల్లో చాలాచోట్ల వధూవరులు ఏ ఊరినుంచి వచ్చారో, తల్లిదండ్రులెవరో రాసేవారు. పిల్లల బాప్తిస్మం ఎంట్రీలూ వదలొద్దు. బాప్తిస్మంలో బిడ్డ తరఫున జ్ఞానపితలుగా నిలబడ్డవాళ్ళు తరచుగా సొంత ఊరివాళ్ళే అయ్యుంటారు. ఆల్బర్ట్ ఊరు దొరక్కపోతే వాళ్ళ ఊరు వెతకండి.

పౌరసత్వం కాగితాల మీద పెద్దగా ఆశ పెట్టుకోకండి. 1906కి ముందువాటిలో చాలావరకు "జర్మనీ చక్రవర్తి పట్ల విధేయత వదులుకుంటున్నాను" అని ఉంటుంది, ఊరు ఉండదు. ఓడ జాబితా మాత్రం చూడండి. హాంబుర్గ్ రేవునుంచి బయల్దేరితే అదృష్టం: 1850 నుంచి 1934 దాకా జాబితాలు మిగిలాయి, చివరగా ఎక్కడ నివసించారో కూడా ఉంటుంది. బ్రేమెన్ నుంచి ఎక్కితే కష్టం. అక్కడివి కొన్ని చోటు చాలక వాళ్ళే పారేశారు, మిగిలినవాటిలో ఎక్కువ భాగం రెండో ప్రపంచ యుద్ధంలో పోయాయి.

రేపల్లెరాణి
ఎల్లిస్ ఐలాండ్‌లో పేరు కూడా మార్చేసి ఉంటారు. అందుకే దొరకట్లేదేమో.

చారి_చికాగో
@రేపల్లెరాణి 1882లో ఎల్లిస్ ఐలాండ్ ఎక్కడిదండీ? అది తెరిచింది 1892లో. అంతకుముందు న్యూయార్క్‌లో కాసిల్ గార్డెన్. పైగా అక్కడి ఆఫీసర్లు కొత్త పేర్లు పెట్టేవాళ్ళు కాదు, ఓడవాళ్ళు యూరప్‌లో రాసి తెచ్చిన జాబితాతో సరిచూసుకునేవాళ్ళు. పేర్లు మారింది తర్వాత. మేస్త్రీ నోరు తిరక్క, స్కూల్లో టీచరు మార్చి, కొందరు వాళ్ళంతట వాళ్ళే.

రేపల్లెరాణి
సినిమాల్లో అలాగే చూపిస్తారు మరి. నా తప్పా?

తోరుణ్_తమ్ముడు
అక్కా, నేను పోలండ్‌లో తోరుణ్‌లో ఎమ్మెస్ చేస్తున్నా. మీ స్ట్రాస్‌బుర్గ్ ఫ్రాన్స్‌ది అయ్యుండదు. ఇక్కడికి దగ్గర్లో బ్రోద్నిత్సా అని ఊరుంది. ప్రష్యా కాలంలో దాని పేరు స్ట్రాస్‌బుర్గ్, పశ్చిమ ప్రష్యా రాష్ట్రంలో. ఇక్కడ ప్రతి ఊరికీ అలా రెండు పేర్లు. తోరుణ్‌ని థోర్న్ అనేవాళ్ళు, బిద్గోష్చ్‌ని బ్రోంబెర్గ్, గ్నియెజ్నోని గ్నేసెన్. కార్టెన్‌మైస్టర్ అని ఒక సైటుంది, పాత జర్మన్ పేరు కొడితే ఇప్పటి పోలిష్ పేరు చూపిస్తుంది. 1912 నాటి మేయర్స్ గెజెటీర్ (ఊళ్ళ పట్టిక) కూడా ఆన్‌లైన్‌లో ఉంది, ఊళ్ళో సొంత పారిష్ చర్చి ఉందో లేదో అందులో తెలుస్తుంది.

మిల్వాకీ_కోడలు
@తోరుణ్_తమ్ముడు అత్తగారి ఫ్రెంచి రక్తం నిమిషంలో ఆవిరైపోయింది. ఆవిడకి ఇంకా చెప్పలేదు, ఆదివారం అందరూ భోజనానికి వచ్చినప్పుడు చెప్తా.

పాతకాగితం
భేష్ తమ్ముడూ. ఒక్క జాగ్రత్త. స్ట్రాస్‌బుర్గ్ అంటే ఊరే కానక్కర్లేదు, ఆ పేరుతో జిల్లా కూడా ఉండేది. మారుమూల పల్లెవాడు ఎక్కడివాడివంటే జిల్లా పేరే చెప్తాడు. కాబట్టి నేరుగా బ్రోద్నిత్సా చర్చి పుస్తకాల మీద పడిపోకండి.

సందేహాలరావు
స్కీ అని ఉంటే జమీందార్లే కదా? ఆ రాజచిహ్నం నిజమే అయ్యుండొచ్చు. ఊరికే పారేయకండి.

పాతకాగితం
స్కీ ఒకప్పుడు ఎక్కువగా ప్రభువుల కుటుంబాల్లో ఉండేది, నిజమే. తర్వాత రైతులకీ, కూలీలకీ, కమ్మరులకీ అందరికీ వచ్చింది. పైగా పోలండ్‌లో ఒక్కో రాజచిహ్నాన్ని ఎన్నో కుటుంబాలు పంచుకునేవి, ఇంటిపేరు కలిసినంత మాత్రాన చిహ్నం మీదైపోదు. మా అల్లుడి ఇంట్లోనూ "మాకు ఎస్టేటు ఉండేది" అని కథ. రిజిస్టరు తీస్తే ముత్తాత తండ్రి పేరు పక్కన లాటిన్‌లో "ఇంక్విలినుస్" అని ఉంది. సొంత ఇల్లూ పొలమూ లేకుండా మరొకరి ఇంట్లో తలదాచుకుని కూలి చేసుకునేవాడు. ఎస్టేటు ఉన్న మాట అబద్ధం కాదు, అక్కడ పని చేశాడు. పండగ భోజనాల దగ్గర ఆ విషయం నేను ఎత్తను.

గోదారిగట్టు
ఫ్రేముకి పెట్టిన డబ్బులు దండగ కాదులెండి. లోపల మామగారి ఫొటో పెట్టుకోవచ్చు.

చారి_చికాగో
జర్మనా పోలిషా అన్న గొడవకి సులువైన లెక్కుంది. కాథలిక్ అయితే పోలిష్, లూథరన్ అయితే జర్మన్. జపమాల చెప్పేవారంటే కాథలిక్కే. అయిపోయింది.

బెర్లిన్_భారతి
@చారి_చికాగో అంత సులువైతే మా ఇంట్లో ఇన్ని వాదనలు జరిగేవి కావు. మా ఆయన నాయనమ్మవాళ్ళది తూర్పు ప్రష్యాలోని మసూరియా. అప్పట్లో ఓర్టెల్స్‌బుర్గ్, ఇప్పుడు ష్చిట్నో. ఇంటిపేరు స్కీతోనే ముగుస్తుంది. పాత తరాలవాళ్ళు ఇంట్లో పోలిష్ మాండలికం మాట్లాడేవాళ్ళు. కానీ తరతరాలుగా లూథరన్లు. 1920లో ఎటు ఉంటారని ప్రజాభిప్రాయం తీసుకుంటే ఆ ప్రాంతంలో 97 శాతానికి పైగా తూర్పు ప్రష్యాకే ఓటేశారు. ఇప్పుడు వాళ్ళని ఏమంటారు? దానికి ఆనుకునే ఉన్న ఎర్మ్‌లాండ్‌లో, అంటే ఇప్పటి వార్మియాలో, జర్మన్ మాట్లాడే కాథలిక్కులు బోలెడు. మీ పశ్చిమ ప్రష్యాలోనే కోనిట్జ్ దగ్గర జర్మన్ కాథలిక్ పల్లెలు ఒక గుంపుగా ఉండేవి.

1945 జనవరిలో ఆ నాయనమ్మ కుటుంబం బండి కట్టుకుని పడమరకి పారిపోయింది. చర్చి పుస్తకం ఎవరు తెస్తారు? కొన్ని తగలబడ్డాయి, కొన్ని ఎలాగో బెర్లిన్ చేరాయి. తూర్పు రాష్ట్రాల లూథరన్ పుస్తకాలు మిగిలినంతవరకు ఇక్కడి ప్రొటెస్టెంట్ సెంట్రల్ ఆర్కైవ్‌లో చాలా ఉన్నాయి. ఆర్కియోన్ అనే సైటులో డబ్బు కట్టి చూడొచ్చు. కాథలిక్‌వి అయితే మాట్రికులా అనే సైటులో కొన్ని ఉచితం. మా పారిష్‌వి మాత్రం సగం ఏళ్ళు లేనే లేవు.

చారి_చికాగో
మసూరియా వేరే సంగతి, ఒప్పుకుంటా. నా లెక్క పోజ్నాన్, పశ్చిమ ప్రష్యా వైపు చాలావరకు పనిచేస్తుంది. అక్కడ పని చేసేవాళ్ళెవరైనా మొదట అలాగే అనుకుని మొదలుపెడతారు.

బెర్లిన్_భారతి
మొదలుపెట్టొచ్చు. అక్కడే ఆగిపోకూడదు.

నాయుడుపేట_నాని
ప్రష్యా అంటే మా ఊరు గుర్తొచ్చింది. మా నాయుడుపేట, గూడూరు, సూళ్ళూరుపేట వైపు 1860ల్లో వచ్చిన జర్మన్ మిషనరీలు హెర్మన్స్‌బుర్గ్ వాళ్ళు. ఆ ఊరు హనోవర్ రాజ్యంలోది, 1866లో ప్రష్యా హనోవర్‌ని కలిపేసుకుంది. అంటే వాళ్ళు కూడా మధ్యలో ప్రష్యన్లు అయిపోయారన్నమాట! మా చర్చి పాత బాప్తిస్మం పుస్తకం ఒకసారి చూశాను. బిడ్డ పేరు, తల్లిదండ్రులు, సాక్షులు, పాస్టరు సంతకం, అన్నీ గడులు గీసి. చెదలు పట్టింది.

పాతకాగితం
@నాయుడుపేట_నాని వెంటనే ఫోన్‌తో ప్రతి పేజీ ఫొటో తీసి పెట్టండి. నిజంగా.

నాయుడుపేట_నాని
సంక్రాంతికి వెళ్తున్నా, తీస్తా సార్.

మిల్వాకీ_కోడలు
అప్‌డేట్. @పాతకాగితం గారు చెప్పినట్టే ఆల్బర్ట్ పెళ్ళి జరిగిన పారిష్ రిజిస్టరు చూశాం. పాత సినిమా రీళ్ళలా ఉండే మైక్రోఫిల్మ్ అవసరం కూడా రాలేదు, ఫామిలీసెర్చ్ సైటులో ఉచితంగా బొమ్మలున్నాయి. అంతా లాటిన్. వరుడి పేరు ఆల్బర్ట్ కాదు, "అడాల్బెర్టుస్". తండ్రి జోసెఫుస్, తల్లి మరియాన్నా, ఆవిడ పుట్టింటి పేరు కూడా ఉంది. చివర్లో "ఎక్స్ గోలుబ్, ప్రుస్సియా". గోలుబ్ ఎక్కడ? అడాల్బెర్టుస్ మా ఆల్బర్టేనా, వేరే మనిషా?

పాతకాగితం
ఆయనే. ఆ బిడ్డని ఇంట్లో వోయ్‌చెఖ్ అని పిలిచి ఉంటారు, పోలండ్‌లో చాలా మామూలు పేరు. లాటిన్ రిజిస్టరులో దానికి అడాల్బెర్టుస్ రాసేవాళ్ళు. ప్రష్యా ఆఫీసుల్లో, అమెరికాలో ఆల్బర్ట్ అయింది. అమెరికాలో కొందరు వోయ్‌చెఖ్‌లు జార్జ్ కూడా అయ్యారు. లౌరెంటియుస్ కనిపిస్తే వవ్‌జినియెత్స్ అనుకోండి, హెడ్విగ్ అంటే యద్విగా. ఇంటిపేరు చివర "స్కీ" ఉంటే ఆడవాళ్ళకి "స్కా" అవుతుంది. మిగతా పేర్లలో చాలావాటికి పెళ్ళికాని కూతుళ్ళకి "ఉవ్నా", భార్యలకి "ఓవా" చేర్చి రాసేవాళ్ళు, అవి చూసి వేరే కుటుంబం అనుకోకండి.

తోరుణ్_తమ్ముడు
గోలుబ్ నాకు బాగా తెలుసు! తోరుణ్ నుంచి బస్సుంది. గుట్ట మీద కోట, అక్కడ ఇప్పటికీ నైట్స్ వేషాలేసుకుని కత్తి యుద్ధాల పోటీలు పెడతారు.

అసలు విషయం వినండక్కా. గోలుబ్ మొదట స్ట్రాస్‌బుర్గ్ జిల్లాలో ఉండేది. 1887లో బ్రీసెన్ అని కొత్త జిల్లా చేసి దాంట్లో కలిపారు. మీ ఆల్బర్ట్ 1882లోనే వెళ్ళిపోయాడు కాబట్టి బతికున్నన్నాళ్ళూ స్ట్రాస్‌బుర్గ్ అనే చెప్పి ఉంటాడు. ఇంకోటి, గోలుబ్ పక్కన ద్ర్వెంత్సా నది. అప్పట్లో అదే సరిహద్దు. ఈ ఒడ్డు ప్రష్యా, ఆ ఒడ్డున డోబ్జిన్ రష్యా చక్రవర్తిది. రెండు ఊళ్ళనీ 1951లో కలిపి ఇప్పుడు గోలుబ్-డోబ్జిన్ అంటున్నారు.

సందేహాలరావు
ఇదంతా సరే, మీ ఆయనకి పోలండ్ పాస్‌పోర్ట్ వస్తుందా? యూరప్‌లో సెటిలైపోవచ్చు కదా. అసలు లాభం అది.

బెర్లిన్_భారతి
@సందేహాలరావు రాదు. పోలండ్ పౌరసత్వ చట్టం వచ్చింది 1920లో, అంతకు ఎంతో ముందే అమెరికా వెళ్ళి అక్కడి పౌరుడైపోయినాయన ద్వారా దారి దొరకదు. జర్మనీ అంటారా, 1870 చట్టం ప్రకారం కాన్సులేట్‌లో నమోదు చేసుకోకుండా పదేళ్ళు విదేశంలో ఉంటే పౌరసత్వం పోయేది. 1882లో వెళ్ళినాయన లెక్క అక్కడే తేలిపోయింది.

సందేహాలరావు
మరి ఇంత కష్టం ఎందుకండీ.

గోదారిగట్టు
మామగారి కేకు కోసం.

మిల్వాకీ_కోడలు
గోలుబ్ పుస్తకాలు ఎక్కడ దొరుకుతాయి? పారిష్‌కి ఈమెయిల్ పెడితే జవాబు లేదు.

పాతకాగితం
ఫాదర్లకి ఉండే పనుల్లో ఇది చివరిది, ఏమనుకోకండి. రాసేటప్పుడు పోలిష్‌లో నాలుగు లైన్లు రాయండి, పేరూ సంవత్సరమూ మాత్రమే అడగండి, "మా వంశం మొత్తం పంపండి" అనకండి.

పారిష్ ఒక్కటే దారి కాదు. 1794 ప్రష్యా చట్టం చర్చి పుస్తకానికి నకలు రాసి కోర్టుకి ఇవ్వాలంది. అందుకే చర్చిలో అసలు పోయినా కొన్నిచోట్ల నకలు ప్రభుత్వ ఆర్కైవ్‌లో మిగిలింది. 1874 అక్టోబరు 1 నుంచి ప్రష్యాలో జనన మరణాలు, పెళ్ళిళ్ళు నమోదు చేసే ప్రభుత్వ ఆఫీసులు వచ్చాయి, అవి జర్మన్‌లో ఉంటాయి. ఆల్బర్ట్ పుట్టింది అంతకుముందు కాబట్టి మీకు చర్చి పుస్తకమే గతి. గోలుబ్ అప్పట్లో కుల్మ్ డయాసిస్ (బిషప్ పరిధి) కింద ఉండేది, 1992 నుంచి తోరుణ్ డయాసిస్. పారిష్, ప్రభుత్వ ఆర్కైవ్, డయాసిస్, ఈ మూడు చోట్లా ఏ ఏళ్ళవి ఉన్నాయో చూసుకుని దిగండి. కొత్త రికార్డుల జోలికి వెళ్తే జననాలకి నూరేళ్ళు, పెళ్ళిళ్ళకీ మరణాలకీ ఎనభై ఏళ్ళు నిండితేనే ఆర్కైవ్‌కి వస్తాయి. మీకు ఆ బాధ లేదు.

తోరుణ్_తమ్ముడు
పరీక్షలు అయ్యాక నేను ఆర్కైవ్‌కి వెళ్తా అక్కా. యూనివర్సిటీ వదిలితే పెద్ద దూరం కాదు. పుట్టిన సంవత్సరం చెప్పండి.

మిల్వాకీ_కోడలు
తమ్ముడూ, నీ పేరు చెప్పుకుని గారెలు వండుతా. సమాధి రాయి మీద 1858 ఏప్రిల్ 23 అని ఉంది.

రేపల్లెరాణి
లాటిన్ పేజీ ఫొటో తీసి ఏఐకి ఇస్తే చదివేస్తుందిగా. అంత దూరం ఎవరు తిరుగుతారు?

పాతకాగితం
పాత చేతిరాతకి ట్రాన్స్‌క్రిబుస్ లాంటి ప్రోగ్రాములు ఉన్నాయి, నేనూ వాడతాను. జర్మన్ కుర్రెంట్ రాతలో "ఎ" కీ "న్" కీ తేడా కనిపించదు, అక్కడ సాయపడుతుంది. కానీ మామూలు చాట్ వాటికి ఇస్తే చదవలేని చోట కూడా నమ్మకంగా ఒక పేరు రాసేస్తాయి. ఆ పేరు మీ వంశవృక్షంలో, అక్కడినుంచి ఇంకెవరి వృక్షంలోనో చేరిపోతుంది. పక్కన అసలు పేజీ పెట్టుకుని అక్షరం అక్షరం చూసుకోండి.

తోరుణ్_తమ్ముడు
దొరికింది అక్కా!! గోలుబ్ బాప్తిస్మాలు 1858. అడాల్బెర్టుస్, తండ్రి జోసెఫుస్ చెప్పులు కుట్టేవాడు, తల్లి మరియాన్నా, పుట్టింటి పేరు మీరు చెప్పిందే. కానీ పుట్టింది ఏప్రిల్ 23 కాదు, 17. బాప్తిస్మం 18న. తల్లి పేరు పక్కన చిన్నగా "ఎక్స్ రెగ్నో పొలోనియే" అని ఉంది. 23 ఎలా వచ్చింది మరి?

పాతకాగితం
ఏప్రిల్ 23 సెయింట్ అడాల్బెర్ట్ పండుగ. దగ్గర్లో వచ్చే సెయింటు పేరు బిడ్డకి పెట్టడం మామూలు. అక్కడ పుట్టినరోజు కన్నా పేరు పండుగే ఘనంగా చేసుకునేవాళ్ళు, అమెరికాలో పిల్లలు దాన్నే పుట్టినరోజు అనుకుని రాయి మీద చెక్కించారు. తేదీ ఆరు రోజులు తేడా ఉన్నా తల్లిదండ్రుల పేర్లు కలిశాయి కాబట్టి నాకు అభ్యంతరం లేదు.

అసలు విశేషం తల్లి సంగతి. ఆవిడ పోలండ్ రాజ్యంనుంచి, అంటే పేరుకి పోలండ్ రాజ్యమైనా రష్యా చక్రవర్తి ఏలుబడిలో ఉన్న నది అవతలి వైపునుంచి వచ్చిందన్నమాట. పెళ్ళి సాధారణంగా వధువు పారిష్‌లో చేస్తారు. గోలుబ్‌లో వెతికితే దొరక్కపోవచ్చు, అవతలి ఒడ్డు చూడాలి. అక్కడి పుస్తకాల తీరే వేరు. 1808లో నెపోలియన్ చట్టంతో వచ్చిన పద్ధతి, గడులు ఉండవు, ఒక్కో పెళ్ళి ఒక్కో పేరా. "ఇది ఫలానా ఊళ్ళో, ఫలానా రోజు, ఫలానా గంటకి జరిగింది" అని మొదలై సాక్షుల వయసులు, వృత్తులు, ఇద్దరి తల్లిదండ్రులు అన్నీ వస్తాయి. 1868 దాకా పోలిష్‌లో, ఆ తర్వాత రష్యన్‌లో. రష్యన్‌వాటిలో రెండు తేదీలు కనిపిస్తే కంగారుపడొద్దు, రష్యా పాత క్యాలెండరుకీ మామూలు క్యాలెండరుకీ 1900 దాకా పన్నెండు రోజుల తేడా, ఆ తర్వాత పదమూడు.

మిల్వాకీ_కోడలు
చెప్పులు కుట్టేవాడు! మా మామగారు రిటైరయ్యేదాకా తోలు ఫ్యాక్టరీలో చేశారు. ఈ మాట వింటే ఎగిరి గంతేస్తారు.

చారి_చికాగో
నది ఇవతల ప్రష్యా, అవతల రష్యా, మధ్యలో పెళ్ళి. వీసా లేకుండా సంబంధాలు కుదుర్చుకునేవాళ్ళు చూశారా.

తోరుణ్_తమ్ముడు
గెనెటెకా అనే పోలిష్ ఇండెక్స్ సైటులో వెతికా. అవతలి వైపు పారిష్‌లలో 1855లో ఒక పెళ్ళి కనిపిస్తోంది. జోసెఫ్, మరియాన్నా, రెండు ఇంటిపేర్లూ కలుస్తున్నాయి. ఇది అక్క వాళ్ళదే!

పాతకాగితం
తొందరపడకు తమ్ముడూ. జోసెఫ్‌లకీ మరియాన్నాలకీ అక్కడ కొదవ లేదు. ఇండెక్స్ చూసి తేల్చొద్దు, పేరా మొత్తం చదువు. వరుడు గోలుబ్‌లో ఉంటాడని రాశారా, చెప్పులు కుట్టేవాడని ఉందా, పెళ్ళికానివాడా, భార్య పోయినవాడా? అటూ ఇటూ రెండేళ్ళలో అవే పేర్లతో ఇంకో పెళ్ళి ఉందేమో కూడా చూడు.

తోరుణ్_తమ్ముడు
స్కాన్‌కి లింకు లేదు సార్, ఇండెక్స్ ఒక్కటే ఉంది. సోమవారం దాకా ఆర్కైవ్ మూత. ఆ రోజు ల్యాబ్ ఎగ్గొట్టి వెళ్తా.